కోళ్లకు బర్డ్ ఫ్లూ టీకా ఎందుకు వేయనివ్వడం లేదు? గుడ్ల కొరత మనకూ వస్తుందా?

ప్రశ్న: హాస్టల్ నిర్వాహకురాలు, అమీర్‌పేట

అమీర్‌పేటలో అమ్మాయిల హాస్టల్ నడుపుతున్నాను. కోచింగుల కోసం జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు మేము పెట్టే భోజనంలో మాంసకృత్తుల కింద గట్టిగా చెప్పుకోదగినది గుడ్డు ఒక్కటే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని తేలినప్పుడు ఇక్కడ కోడికూర దుకాణాలు వెలవెలబోయాయి, గుడ్లు అడిగినవారు లేరు. పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేసి, గుడ్డు పెట్టవద్దని మరీ మరీ చెప్పారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఉన్న మా బంధువులు, అక్కడి దుకాణాల్లో గుడ్ల అరలు ఖాళీగా ఉన్నాయని, మనిషికి ఇన్ని అట్టపెట్టెలని పరిమితి పెట్టి అమ్ముతున్నారని చెప్పారు. ఒకే రోగం అక్కడ కొరతను, ఇక్కడ మిగులును ఎలా తెచ్చిందన్నది నా మొదటి సందేహం.

రెండోది నన్ను ఎక్కువ బాధించేది. కోడిపిల్లకు పుట్టిన రోజునుంచే కొక్కెర తెగులుకు, గంబోరోకు, మరికొన్ని జబ్బులకు టీకాలు వేస్తారని మాకు గుడ్లు సరఫరా చేసేవారు చెబుతుంటారు. అన్ని జబ్బులకు టీకా ఉన్నప్పుడు ఈ ఒక్కదానికి మాత్రం తెల్లటి రక్షణ దుస్తులు వేసుకున్న మనుషులు వచ్చి వేల కోళ్లను గోతుల్లో పూడ్చడం తప్ప వేరే మార్గం లేదా? టీకా లేకనా, ఉన్నా పనిచేయకనా, లేక ఎవరైనా వద్దంటున్నారా? వద్దంటున్నది శాస్త్రవేత్తలా, కంపెనీలా, ప్రభుత్వమా? ఈ విషయం దగ్గరగా తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్

అమ్మా, మీ రెండో ప్రశ్ననే ముందు తీసుకుంటాను. టీకా ఉంది. ప్రపంచంలో కొన్ని దేశాలు ఏళ్ల తరబడి వాడుతున్నాయి. మన దేశం మాత్రం 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ వైరస్‌లో ప్రాణాంతకమైన హెచ్5ఎన్1 రకం మొదటిసారి బయటపడిన నాటి నుంచి ఒకే పద్ధతిని పట్టుకుని ఉంది. జబ్బు తేలిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నింటినీ తీసివేయడం, అంటే చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టడం, శుద్ధి పూర్తయినట్టు ధ్రువపత్రం ఇచ్చేవరకు కొత్త కోళ్లను దించనివ్వకపోవడం ఆ పద్ధతి సారాంశం. 2021లో కార్యాచరణ ప్రణాళికను సవరించినప్పుడు కూడా ఈ మూలసూత్రం మారలేదు. మన హైదరాబాద్‌కు ఇది దూరపు వార్త కాదు. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో లక్షకు పైగా కోళ్లను ఇలాగే తీసివేశారు. పదేళ్ల తర్వాత, 2025లో, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారంలో మళ్లీ అదే పని జరిగింది.

కొక్కెర తెగులుకూ దీనికీ తేడా ఏమిటని మీరు అడిగారు. కొక్కెర తెగులు మన ఊళ్లలో స్థిరపడిపోయిన జబ్బు, దాన్ని దేశం నుంచి పంపేయాలన్న ఆశ ఎవరికీ లేదు కనుక నష్టాన్ని తగ్గించుకోవడానికి టీకా వేస్తాం. హెచ్5ఎన్1ను అలా స్థిరపడనివ్వకూడదన్నది ప్రభుత్వ లక్ష్యం, ఎందుకంటే అది మనిషికి సోకగలదు. 2021లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక బాలుడు, 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల చిన్నారి ఈ వైరస్ వల్లనే చనిపోయారు. అమెరికాలో 2024 నుంచి ఇది పాడి ఆవులకు కూడా సోకుతోంది. వైరస్ ఎన్ని ఎక్కువ శరీరాల్లో పెరిగితే అది మారడానికి అన్ని ఎక్కువ అవకాశాలు దొరుకుతాయి.

టీకాపై అసలు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. టీకా పొందిన కోడికి వైరస్ సోకితే అది చావదు, జబ్బుపడినట్టు పైకి కనిపించదు, కానీ కొద్ది మోతాదులో వైరస్‌ను రెట్ట ద్వారా, ముక్కు స్రావాల ద్వారా బయటికి వదలవచ్చు. టీకా లేని షెడ్డులో వైరస్ దూరితే రెండు మూడు రోజుల్లో చావులే ఆ సంగతి చెప్పేస్తాయి. టీకా వేసిన షెడ్డు ఏమీ చెప్పదు, మనమే వెళ్లి వెతకాలి. పైగా మామూలు రక్తపరీక్షలో కనిపించే ప్రతిరక్షకాలు టీకా వల్ల వచ్చాయో, నిజంగా జబ్బు సోకి వచ్చాయో విడదీయలేము. విడదీయగల టీకాలు, పరీక్షలు వేరుగా ఉన్నాయి, వాటికి ఖర్చు, సిబ్బంది, ప్రయోగశాలలు కావాలి.

ఇతర దేశాల అనుభవం రెండు వైపులా ఉంది. మెక్సికో 1995లో హెచ్5ఎన్2 అనే మరో రకం బర్డ్ ఫ్లూకు టీకా మొదలుపెట్టి, ప్రాణాంతకమైన రూపాన్ని త్వరగానే ఆపగలిగింది, కానీ అదే వైరస్ తేలికపాటి రూపంలో ఏళ్ల తరబడి తిరుగుతూ, టీకాకు అందకుండా మారుతూ పోయింది. ఈజిప్టులో టీకాలు వేసినా నిఘా బలహీనంగా ఉండడంతో వైరస్ అక్కడే పాతుకుపోయింది. చైనాలో మరోలా జరిగింది. 2013 నుంచి 1,500 మందికి పైగా మనుషులకు సోకిన హెచ్7ఎన్9 అనే రకంపై 2017 చివరలో కోళ్లకు విస్తృతంగా టీకా వేశాక, మనుషుల్లో ఆ కేసులు దాదాపు ఆగిపోయాయి. ఈ మధ్యకాలంలో నేను అన్నింటికంటే శ్రద్ధగా చదివింది ఫ్రాన్స్ గురించి. 2021-22లో అక్కడ 1,378 ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. 2023 అక్టోబరు నుంచి బాతులకు టీకా తప్పనిసరి చేశాక, 2023-24లో ఆ సంఖ్య పదికి దిగింది. మొదటి ఏడాది ఖర్చులో 85 శాతం ప్రభుత్వమే భరించింది. అయితే టీకా వేసి ఊరుకోలేదు. చనిపోయిన బాతుల నుంచి వారం వారం నమూనాలు తీశారు, పశువైద్యులు నెల నెలా మందలను చూసి వచ్చారు. ఆ నిఘాను పక్కన పెట్టి టీకా ఒక్కదానికే ఘనత ఇవ్వడం సరికాదు.

మన దేశంలో హెచ్9ఎన్2 అనే తేలికపాటి రకానికి భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థ టీకా తయారుచేసి, కంపెనీలకు సాంకేతికత ఇచ్చింది. దాని వాడకానికి అనుమతి ఉంది. అది హెచ్5ఎన్1ను ఆపదు. రెండింటినీ కలిపి "బర్డ్ ఫ్లూ టీకా వచ్చేసింది" అని ప్రచారం చేసేవారిని నమ్మవద్దు.

నా మాట సూటిగా చెబుతాను. నేను టీకాకు వ్యతిరేకిని కాను, నిఘా లేని టీకాకు వ్యతిరేకిని. పశువైద్యుల పోస్టులు ఖాళీగా ఉంచి, ప్రతి నమూనానూ భోపాల్‌కు పంపి ఎదురుచూసే వ్యవస్థ మీద టీకాను తెచ్చి పెడితే, వైరస్‌కు దాక్కునే చోటు చూపించినట్టే అవుతుంది.

మీ హాస్టల్ విషయానికి వస్తే, 70 డిగ్రీల వేడికి లోపలిదాకా ఉడికిన గుడ్డులో గానీ మాంసంలో గానీ ఈ వైరస్ బతకదు. సొన కారేలా సగం ఉడికినది, పచ్చిది మాత్రం పెట్టకండి. వండేవారు గుడ్లను పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కునేలా చూడండి.

సమాధానం: లేయర్ రైతు, షాద్‌నగర్

డాక్టరు గారు రాసినవాటిలో నేను కాదనగలిగింది లేదు. అయితే "ముందు నిఘా, తర్వాత టీకా" అన్న క్రమం మా షెడ్డులో నిలబడి చూస్తే ఎలా కనిపిస్తుందో చెప్పకపోతే చర్చ సగమే అవుతుంది.

ప్రభుత్వ బృందం తీసివేసిన కోళ్లకే పరిహారం వస్తుంది, జబ్బుతో చచ్చిన కోళ్లకు రాదు. షెడ్డులో చావులు మొదలైన రోజు మేము కబురు పెడితే, స్థానిక సిబ్బంది వచ్చి నమూనా తీసుకోవాలి, అది భోపాల్ వెళ్లాలి, ఫలితం రావాలి, కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి. ఈ లోపల ప్రతి రోజూ వందలు, వేలు చస్తూనే ఉంటాయి. బృందం వచ్చేసరికి బతికి మిగిలినవాటికే లెక్క. ఆ లెక్కలో కూడా కేంద్రం సగం, రాష్ట్రం సగం ఇవ్వాలి కాబట్టి, సొమ్ము చేతికి అందే తేదీ ఎవరూ చెప్పలేరు. మరోవైపు బ్యాంకు వాయిదా ఆగదు, దాణా డీలరు బాకీ ఆగదు. వ్యాధి ప్రకటన వెలువడిన క్షణం నుంచి పది కిలోమీటర్ల లోపు ఉన్న తోటి రైతులందరి గుడ్ల లారీలు ఆగుతాయి, వారి కోపం కూడా కబురు పెట్టినవాడి మీదే పడుతుంది. 2009 నాటి చట్టం ప్రకారం జబ్బును దాచడం నేరం, నిజమే. కానీ నిజం చెప్పినవాడే మునిగిపోయేలా ఏర్పాటు చేసి, నిజం చెప్పలేదని చట్టం చూపించడం న్యాయం కాదు. డాక్టరు గారు కోరే నిఘాకు మొదటి కన్ను రైతే. ఆ కన్ను తెరిచి ఉంచాలంటే పరిహారం తీరు ముందు మారాలి.

ఇంకొకటి, గుడ్లు పెట్టే లేయర్లకూ మాంసానికి పెంచే బ్రాయిలర్లకూ ఒకే నిర్ణయం తీసుకోవడం పొరపాటు. బ్రాయిలర్ నలభై రోజులు బతుకుతుంది. దానికి రెండు మోతాదుల సూది వేయించి, రక్షణ పట్టేలోపే అది అమ్ముడుపోతుంది, కాబట్టి కోళ్ల మాంసం కంపెనీలకు టీకా అంటే ఖర్చే తప్ప లాభం కనిపించదు. లేయర్ డెబ్బై, ఎనభై వారాలు షెడ్డులో ఉంటుంది. పిల్లల షెడ్డు నుంచి పెట్టల షెడ్డుకు మార్చే ముందు, ప్రతి పెట్టనూ చేత్తో పట్టుకుని ఇతర జబ్బులకు నూనె టీకాలు వేయించడం మాకు ఇప్పటికే అలవాటు. అదే కూలీ బృందం, అదే రోజున, మరొక సూది వేయగలదు. పిల్లలను పొదిగించే హేచరీలో, పుట్టిన రోజే మారెక్స్ అనే జబ్బుకు వేసే టీకాతో కలిపి ఇవ్వగలిగే రకాలు ఇతర దేశాల్లో వాడుకలో ఉన్నాయని కూడా చదివాను.

హాస్టల్ అమ్మ గారు అడిగిన కొరత, మిగులు సంగతి కూడా మా లెక్కల్లో నుంచే అర్థమవుతుంది. మన దగ్గర భయం కొనేవాడి దగ్గర మొదలవుతుంది. కోడి గుడ్డు పెట్టడం ఆపదు, దాణా తినడం ఆపదు, కొనేవాడు మాత్రం ఆగిపోతాడు. మామూలుగానే శ్రావణంలో, కార్తీకంలో, అయ్యప్ప దీక్షల రోజుల్లో అమ్మకం తగ్గి, చలికాలంలో పెరుగుతుంది. ఆ ఊగిసలాటకు మేము అలవాటుపడ్డాము. బర్డ్ ఫ్లూ వార్త వస్తే మాత్రం, ఒక్క కోడి కూడా చావని ఫారం సైతం ఉత్పత్తి ఖర్చు కంటే తక్కువకు గుడ్లు తోలాల్సి వస్తుంది. చిన్న రైతులు ఆ దెబ్బకు షెడ్లు ఖాళీ చేస్తారు. మళ్లీ పిల్లలు దించితే అవి గుడ్డుకు రావడానికి ఇరవై వారాలు పడుతుంది. అందుకే మన దగ్గర కొరత వ్యాధి వచ్చినప్పుడు కాకుండా, ఆరు నెలల తర్వాత, అందరూ వ్యాధిని మరచిపోయిన సమయంలో ధర రూపంలో వస్తుంది. అప్పుడు పత్రికలు "గుడ్డు ధరకు రెక్కలు" అని రాస్తాయి, రైతు దోచుకుంటున్నాడని అందరూ అనుకుంటారు. ఇథనాల్‌కు మక్కజొన్న మళ్లడంతో దాణా ఖర్చు పెరిగిన సంగతి కూడా ఆ వార్తల్లో ఉండదు.

సమాధానం: వాణిజ్య పాత్రికేయుడు, హబ్సిగూడ

అమెరికా సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఎవరు వద్దంటున్నారన్న ప్రశ్నకు జవాబు అక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

2022 ఫిబ్రవరి నుంచి మూడేళ్లలో అక్కడ 16 కోట్లకు పైగా పక్షులు చనిపోవడమో, తీసివేతకు గురికావడమో జరిగింది. ఒక్కో గుడ్ల ఫారంలో పది లక్షలకు పైగా కోళ్లు ఉండడం అక్కడ మామూలే కనుక, ఒక ఫారం మూతపడినా దేశమంతటి సరఫరాపై ఆ ప్రభావం తెలుస్తుంది. డజను గుడ్ల సగటు ధర 2025 మార్చిలో 6.23 డాలర్లకు చేరింది. షాద్‌నగర్ రైతు గారు చెప్పిన తేడా ఇదే: అక్కడ జనం తినడం మానలేదు, కోళ్లు పోయాయి. ఇక్కడ కోళ్లలో అత్యధిక భాగం మిగిలాయి, జనం తినడం మానారు.

ధర ఎన్నికల అంశమైంది. 2025 జనవరిలో వచ్చిన కొత్త ప్రభుత్వం, వెనకటి ప్రభుత్వం కోళ్లను చంపించినందువల్లే గుడ్లు కరవయ్యాయని చెప్పింది, కానీ తీసివేత విధానం ఆ తర్వాత కూడా కొనసాగింది. ఫిబ్రవరి చివరలో వ్యవసాయ మంత్రి బ్రూక్ రోలిన్స్ వంద కోట్ల డాలర్ల ప్రణాళిక ప్రకటించారు. అందులో ఫారాల భద్రతకు 50 కోట్లు, రైతుల పరిహారానికి 40 కోట్లు, టీకా తదితర పరిశోధనకు 10 కోట్లు. ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ మార్చిలో, వైరస్‌ను మందల్లో పాకనిచ్చి, తట్టుకుని బతికిన కోళ్లను ఎంచుకోవచ్చన్న ఆలోచన చెప్పారు. ఒక జాతిని మొత్తంగా రోగానికి వదిలిపెట్టి, లక్షల శరీరాల్లో వైరస్ పెరిగే అవకాశం ఇవ్వడం ఎంత ప్రమాదకరమో పైన డాక్టరు గారు చెప్పిన దాన్నిబట్టే తెలుస్తుంది. గుడ్ల ధరలపై ఉత్పత్తి కంపెనీలు కుమ్మక్కయ్యాయేమోనని న్యాయశాఖ విచారణ కూడా ఆ నెలలోనే మొదలైంది.

టీకా దగ్గరికి వచ్చేసరికి పరిశ్రమే రెండుగా చీలింది. గుడ్ల ఉత్పత్తిదారుల సంఘం టీకా కావాలంది. మాంసపు కోళ్ల కంపెనీల సంఘం వద్దంది. రెండోవారికి విదేశీ ఎగుమతులు ప్రాణం. ఒక్క షెడ్డుకు టీకా వేసినా, ఈ దేశపు కోళ్లలో వైరస్ దాగి ఉండవచ్చని కొనే దేశాలు దిగుమతి ఆపేస్తాయని వారి భయం. అది కల్పిత భయమేమీ కాదు. ఫ్రాన్స్ బాతులకు టీకా మొదలుపెట్టగానే అమెరికానే ఆ దేశపు కోళ్ల ఉత్పత్తులపై ఆంక్షలు పెట్టింది. సరైన నిఘా ఉంటే టీకా ఒక్కటే వాణిజ్యాన్ని ఆపడానికి కారణం కాకూడదని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమాలు చెబుతున్నా, కొనే దేశం ఒప్పుకోవాలి కదా. బ్రెజిల్‌లో 2025 మేలో ఒక్క వాణిజ్య ఫారంలో వైరస్ తేలినందుకే చైనా, ఐరోపా కొనుగోళ్లు నిలిచిపోయాయి.

ఈ వాదనను మన దేశానికి యథాతథంగా తెచ్చుకోవడం నాకు సమంజసంగా తోచదు. 2023-24లో మన దేశం 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 17.85 శాతం, తమిళనాడుది 15.64, తెలంగాణది 12.88 శాతం. ఎగుమతి అయ్యేది ఇందులో అతి స్వల్పం, అది కూడా ఎక్కువగా తమిళనాడులోని నామక్కల్ నుంచి వెళ్తుంది. ఎగుమతి చేసేవారికి వేరే రక్షణ మార్గం కూడా ఉంది: 2023లో మన దేశం కొన్ని ఫారాలను వ్యాధిరహిత విభాగాలుగా ప్రకటించుకోగా, ప్రపంచ సంస్థ దాన్ని ఆమోదించింది. ఎగుమతి విభాగాలను అలా విడిగా ఉంచి, దేశీయ అవసరానికి గుడ్లు పెట్టే కోళ్ల విషయంలో వేరే నిర్ణయం తీసుకోవడానికి దారి ఉన్నప్పుడు, కొద్దిమంది ఎగుమతి ప్రయోజనం మొత్తం విధానాన్ని శాసించకూడదు.

2025 ఏప్రిల్ నాటికి కేంద్ర పశుసంవర్ధక శాఖ, పరిశ్రమతో జరిపిన సమావేశం తర్వాత మూడు మాటలు చెప్పింది. ఫారాల భద్రత కట్టుదిట్టం చేయాలి, నిఘా పెంచాలి, కోళ్ల ఫారాలన్నీ నెల రోజుల్లో నమోదు కావాలి. తీవ్రరకం బర్డ్ ఫ్లూకు టీకా కావాలన్న పరిశ్రమ కోరికను మరింత శాస్త్రీయ పరిశీలనకు వదిలింది. ఫారాల పూర్తి నమోదే లేని చోట, నిఘా ఎంత పల్చగా ఉందో ఊహించుకోవచ్చు.

రాష్ట్రాల మధ్య జరిగింది కూడా గమనించాలి. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ఆంధ్ర సరిహద్దుల్లో తనిఖీ కేంద్రాలు పెట్టి కోళ్ల లారీలను వెనక్కి పంపింది. ప్రజారోగ్యం దృష్ట్యా ఆ జాగ్రత్తను తప్పుపట్టలేము. అయితే వ్యాధి ప్రకటించిన రాష్ట్రానికి పొరుగు మార్కెట్లు ఒక్కసారిగా మూతపడతాయని అందరికీ తెలిశాక, ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా ప్రకటనకు వెనకాడుతుంది. రైతు స్థాయిలో ఉన్న చిక్కే ప్రభుత్వాల స్థాయిలోనూ ఉంది.

ప్రశ్న వేసినవారు: హాస్టల్ నిర్వాహకురాలు, అమీర్‌పేట

ఇంత ఓపికగా రాసిన మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక సంగతి ఇంకా తెలుసుకోవాలని ఉంది. ధర పెరిగితే నేను వారానికి ఒక రోజు గుడ్డు తగ్గించి, శనగలో, పెసర్లో పెడతాను, మా పిల్లలు గడుపుకుంటారు. ప్రభుత్వ బడిలో, అంగన్‌వాడీలో గుడ్డు తినే పిల్లల సంగతి ఏమవుతుంది?

సమాధానం: అంగన్‌వాడీ పర్యవేక్షకురాలు, మల్కాజిగిరి

అక్కా, మీరు అడిగిన ప్రశ్న ఈ చర్చలో మొదటే రావలసింది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనంతోపాటు రోజూ గుడ్డు ఇస్తున్నాము, చిన్నపిల్లలకూ ఇస్తున్నాము. ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు గుడ్డు. ఏడాదికి మనిషి 180 గుడ్లు తినాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేస్తే, దేశంలో 2023-24లో మనిషికి లభ్యమైనవి 103 మాత్రమే. బస్తీల్లో మేము చూసే తల్లుల్లో చాలామందికి అంగన్‌వాడీ గుడ్డే రోజు మొత్తంలో తినే గుడ్డు.

వ్యాధి భయం వచ్చినప్పుడు తల్లులు పిల్లలకు గుడ్డు తినిపించవద్దంటారు. తిననివి మిగిలిపోతే మేము లెక్క రాయాలి, వారికి నచ్చజెప్పాలి. బాగా ఉడికిస్తే ప్రమాదం లేదని ఇంటింటికీ తిరిగి చెప్పే పని ఎవరు చేస్తారనుకుంటున్నారు? చేసేది మా టీచర్లు, ఆయాలు. ఆ సమయంలో మాకు కావలసింది స్పష్టమైన ఒక కాగితం. జబ్బు ఏ మండలంలో తేలింది, మన సరఫరా ఎక్కడి నుంచి వస్తోంది, ఎలా వండాలి అన్నది తెలుగులో, ఉర్దూలో రాసి మొదటి రోజే చేతికిస్తే, సగం భయం తగ్గుతుంది. వచ్చేది ఆలస్యంగా వస్తుంది, లేదా అసలు రాదు.

ధర పెరిగినప్పుడు కష్టం వేరు. సరఫరాదారు ఒప్పంద ధరను బజారు ధర దాటిపోతే, చిన్న గుడ్లు రావడం, ఆలస్యంగా రావడం మొదలవుతుంది. నేను తిరిగే కేంద్రాల్లో అరచేతిలో పట్టుకుంటేనే తేడా తెలిసేంత చిన్నవి చూశాను. బడుల్లో పరిస్థితి ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. 2025 మే నుంచి ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి రోజుకు వంట సరుకుల ఖర్చు కింద నిర్ణయించినది 6.78 రూపాయలు, ఆ పై తరగతుల వారికి 10.17 రూపాయలు. గుడ్డుకు రాష్ట్రం విడిగా ఇస్తుంది, కానీ ఆ ఇచ్చే ధర ఏడాదంతా ఒకటే, బజారు ధర రోజూ మారేది. తేడా వంట చేసే మహిళలు భరిస్తారు, బిల్లు వచ్చేవరకు దుకాణంలో అప్పు పెడతారు. గుడ్ల సమన్వయ కమిటీ రోజూ ప్రకటించే ధరను ఆధారంగా తీసుకుని, నెలకొకసారి బడి గుడ్డు ధరను సవరించడం కష్టమైన పని కాదు. టీకా నిర్ణయానికి పదేళ్లు పట్టినా ఇది రేపే చేయవచ్చు.

ఒక్క మాట కోళ్ల గురించి కూడా. కిలోమీటరు పరిధి అంటే అందులో ఫారాలే కాదు, ఇంటి వెనక నాలుగు నాటుకోళ్లు పెంచుకునే ఒంటరి మహిళలు కూడా ఉంటారు. వారి కోళ్లు ఆరోగ్యంగా ఉన్నా తీసుకుపోతారు. వారిని ఎవరూ సంప్రదించరు, అందుకే బృందం వస్తోందంటే కోళ్లను వంటింట్లో, మంచం కింద దాస్తారు. పసిపిల్లలు పడుకునే గదిలో ఆ కోళ్లు ఉంటాయి. డాక్టరు గారు, దీని గురించి మీ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్

మీరు చెప్పినది నూటికి నూరు శాతం నిజం, మనుషులకు సోకే అవకాశం ఎక్కువగా ఉండేది కూడా అక్కడే. పెద్ద ఫారంలో పనిచేసేవారికి కనీసం బూట్లు, ముసుగు ఉంటాయి. పెరటి కోళ్లకు పరిహారాన్ని అదే రోజు, అక్కడికక్కడే చేతికి ఇచ్చేలా మార్చకపోతే, దాచడం ఆగదు. పందెం కోళ్ల విషయంలో డబ్బుతో కూడా ఆగదు. వాటికి యజమాని కట్టే విలువకూ ప్రభుత్వ ధరకూ పొంతన ఉండదు.

షాద్‌నగర్ రైతు గారి వాదనలో పరిహారం భాగాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. రైతు రాతపూర్వకంగా కబురు పెట్టిన గంట నుంచి చచ్చిన కోళ్లను కూడా పరిహారం లెక్కలో చేర్చాలి. అలా చేస్తే త్వరగా చెప్పడమే లాభమవుతుంది. అమెరికాలో 2024 డిసెంబరు నుంచి, ఒకసారి వ్యాధి సోకిన పెద్ద ఫారం మళ్లీ కోళ్లు దించి, భవిష్యత్తులో పరిహారం పొందాలంటే భద్రతా తనిఖీలో నెగ్గాలన్న షరతు పెట్టారు. మనం కూడా పరిహారాన్ని పెంచుతూనే, అట్ట ట్రేలను ఫారం నుంచి ఫారానికి తిప్పడం, ముసలి పెట్టలను కొనే వ్యాను షెడ్డు గుమ్మం దాకా రావడం వంటివి ఆపిన రైతులకే పూర్తి మొత్తం ఇస్తామనవచ్చు. నా అనుభవంలో వలస పక్షులు తెచ్చిన వైరస్‌ను ఫారాల మధ్య మోసుకుపోయేవి ఎక్కువగా ఈ ట్రేలు, వ్యాన్లు, మనుషుల చెప్పులే.

టీకా విషయంలో నేను అంగీకరించగల పద్ధతి ఒకటుంది. రాష్ట్రమంతా ఒక్కసారి కాకుండా, లేయర్లు దట్టంగా ఉన్న ఒకటి రెండు మండలాల్లో, గుడ్లు రాష్ట్రం దాటి వెళ్లకుండా, ముందుకు వచ్చిన ఫారాల్లో మొదలుపెట్టాలి. నెదర్లాండ్స్ 2025లో లేయర్లతో ఇలాంటి ప్రయోగమే మొదలుపెట్టి, ఆ గుడ్లను స్వదేశంలోనే అమ్మాలన్న నియమం పెట్టింది. ప్రతి షెడ్డులో కొన్ని కోళ్లకు టీకా వేయకుండా, గుర్తు కట్టి వదలాలి. వైరస్ లోపలికి వస్తే ముందు అవి చస్తాయి, కాబట్టి షెడ్డు మౌనంగా ఉండిపోదు. వారానికొకసారి చనిపోయిన కోళ్ల నమూనాలను ఇక్కడే, శాంతినగర్‌లోని పశు జీవ పరిశోధన సంస్థ వంటి చోట, ప్రాథమికంగా పరీక్షించే అధికారం ఇవ్వాలి. భోపాల్ ఫలితం తుది నిర్ధారణకు ఉంటే చాలు. ఒక్కసారి వేసిన సూది గుడ్డుకాలమంతా కాపాడుతుందని కూడా అనుకోకూడదు, మధ్యలో రక్తనమూనాలు తీసి రక్షణ స్థాయి చూస్తూ ఉండాలి.

సమాధానం: లేయర్ రైతు, షాద్‌నగర్

డాక్టరు గారు, ఈ షరతులన్నింటికీ నేను సిద్ధమే. ట్రేల విషయంలో మీరు చెప్పింది చేదుగా ఉన్నా నిజం. ప్లాస్టిక్ ట్రేలకు మారి, కడిగి వాడుకోవడం ఖర్చే అయినా చేయగలిగినదే.

గుర్తు కట్టి వదిలే కోళ్ల గురించి మాత్రం ఒక స్పష్టత కావాలి. అవి చస్తే జబ్బు వచ్చినట్టే లెక్క కదా. అప్పుడు టీకా వేసిన మిగతా పెట్టలన్నింటినీ కూడా తీసివేస్తారా, లేక వాటిని పరీక్షించి ఉంచుతారా? తీసివేసేటట్టయితే టీకా ఖర్చు పెట్టినవాడు రెండుసార్లు నష్టపోతాడు. ఫ్రాన్స్‌లాగా టీకా ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరించి, తీసివేత జరిగితే టీకా వేసిన పెట్టకు దాని వయసునుబట్టి పరిహారం ఎంతో ముందే జీవోలో రాసి, ఆ సొమ్మును జిల్లాలో ఒక ఖాతాలో జమచేసి ఉంచితే, మా మండలంలో ముందుకు వచ్చే రైతులు ఉంటారు. నా షెడ్లలో ఒకదాన్ని నేనే ఇస్తాను.